ముందు మీ కంచం పెట్టుకోండి

చెల్లెళ్ళూ, టీ తాగారా? చక్కెర వెయ్యకుండానే తాగారు కదూ? సరే, ఇలా వచ్చి కాసేపు కూర్చోండి. అంట్లు ఎక్కడికీ పారిపోవు.

2020 మార్చి 25, ఉగాది నాడు మొదలైన కరోనా లాక్‌డౌన్ గుర్తుందా? 21 రోజుల్లో అయిపోతుందనుకున్నాం. ఏప్రిల్ 14 పోయింది, మే 3 పోయింది, ఆ తరవాత మే 17 అన్నారు. ఇంటిల్లిపాదీ కళ్ళముందే ఉన్నారన్న సంతోషం సంతోషమే కానీ, మనలాంటి షుగరువాళ్ళకి లోపల్లోపల ఒకటే గుబులుగా ఉండేది. టీవీ పెడితే చాలు, ‘షుగరున్నవాళ్ళు జాగ్రత్త’ అనేవారు. ఏం జాగ్రత్త పడాలో వివరంగా చెప్పేలోపు ఇంకో వార్త వచ్చేసేది. రాత్రి పక్కమీద వాలితే అదే ఆలోచన. నాకొస్తే ఎలా? ఇల్లు ఎవరు చూస్తారు?

ముందు ఆ భయం సంగతి తేల్చేద్దాం. షుగరుందని కరోనా మనల్నే వెతుక్కుంటూ రాదు. పక్కవాళ్ళకి ఎలా అంటుకుంటుందో మనకీ అలాగే. కాకపోతే, వచ్చాక జబ్బు ముదిరే ప్రమాదం మనకి ఎక్కువ. షుగరు అదుపు తప్పి ఉన్నవాళ్ళకి మరీ ఎక్కువ. కాబట్టి మాస్కు కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి, షుగరుని అదుపులో పెట్టుకోవాలి. ఈ మూడింట్లో దేనికీ ఆసుపత్రి మెట్లెక్కాల్సిన పని లేదు. ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినవే.

ఆ లాక్‌డౌన్ వారాల్లో మన ఇళ్ళల్లో ఏం మారిందో గమనించారా? వేళలు మారిపోయాయి. అంతకుముందు ఎనిమిదింటికి పిల్లల బస్సు, తొమ్మిదింటికి ఆయన ఆఫీసు. ఆ పరుగులోనే టిఫిను అయిపోయేది, మాత్ర పడిపోయేది. అప్పుడు ఒకరు ఏడింటికి లేస్తే ఇంకొకరు పదింటికి లేచేవారు. మధ్యాహ్నం అన్నం మూడింటికి. అప్పట్లో దూరదర్శన్‌లో రాత్రి తొమ్మిదింటికి రామాయణం, అది అయ్యాకే వడ్డన. తిండి వేళ ఇలా జరుగుతూ పోతే, మాత్ర మాత్రం పాత వేళకే పడుతుంటే, షుగరు ఎలా కుదురుగా ఉంటుంది?

ఇప్పుడు ఒక్క ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పాలి. పొద్దున్న మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి తింటున్నారు? నాకు తెలుసులెండి. పిల్లలకి నాలుగు అట్లు, ఆయనకి మూడు, అత్తయ్యగారికి మెత్తగా రెండు. ఆఖరి అట్టు మనది. అది పెనం మీద పడేసరికి పదిన్నర. అప్పటికి చేతులు వణుకుతుంటాయి, ఒళ్ళు చెమటలు పడుతుంది, ఊరికే చిరాకు వస్తుంది. ‘పనెక్కువై నీరసం’ అనుకుని సరిపెట్టుకుంటాం. అది చాలాసార్లు నీరసం కాదమ్మా, షుగరు పడిపోవడం. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మనం తిన్నామా లేదా అని అవి చూడవు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఇలా పడిపోవడం అరుదు.

మీటరులో 70 కన్నా తక్కువ కనిపిస్తే వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగెయ్యండి. చాక్లెట్టు వద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పావుగంటాగి మళ్ళీ చూసుకోండి. ఇంకా తక్కువుంటే ఇంకో మూడు చెంచాలు. కుదుటపడ్డాక ఏదైనా తినండి. మీటరు లేదా? లక్షణాలు కనిపిస్తే చాలు, చక్కెర నీళ్ళు తాగెయ్యండి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఈ మాట ఇంట్లో పెద్దపిల్లలకి, ఆయనకి కూడా చెప్పి ఉంచండి. ఆ సమయానికి మనం చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు కదా!

అసలు అంతదాకా రానివ్వడమెందుకు? రేపటి నుంచి మొదటి అట్టు మీది. వినపడిందా? ఎనిమిదింటికి మాత్ర అయితే ఎనిమిదిన్నరలోపు టిఫిను కడుపులో పడాలి. భోజనం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదిలోపు మళ్ళీ ఇంత. మిగతావాళ్ళు ఎప్పుడు తింటే ఏం, గిన్నెల మీద మూతలుంటాయి, వాళ్ళకి చేతులున్నాయి. ‘అందరికంటే ముందు తింటే బాగుంటుందా’ అని మొహమాటపడకండి. ఎందుకో ఒక్కసారి చెప్పి చూడండి, ఇంట్లోవాళ్ళే ‘తిన్నావా?’ అని అడగడం మొదలుపెడతారు.

సరే, వేళ కుదిరింది. మరి ఎంత తినాలి? మన భోజనం సంగతి మనకి తెలియనిది కాదు. పప్పుతో ఓ విడత, కూరతో ఓ విడత, చారుతో మరోటి, చివర్న పెరుగన్నం. ప్రతిసారీ ‘కొంచెమే’ పెట్టుకుంటాం, నాలుగు కొంచేలు కలిపితే కొండంత. ఒక కప్పు అన్నంలో దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అందుకని ఒక చిన్న గిన్నె పెట్టుకోండి. పూటకి మీ అన్నం ఆ గిన్నెడే. దాన్నే పప్పుకీ చారుకీ పెరుగుకీ సర్దుకోవాలి. కంచంలో సగం బీరకాయో బెండకాయో తోటకూరో ఉండాలి. పావువంతు పప్పు, గుడ్డు, చేప, ఏదైనా సరే. మిగిలిన పావు అన్నానిది. ఇంకో కిటుకు చెప్పనా? ముందు కూర, పప్పు ఉత్తివే నాలుగు ముద్దలు తిని, ఆ తరవాత అన్నం కలుపుకోండి. తిన్నాక షుగరు ఎగబాకడం తగ్గుతుంది.

కూరగాయలు దొరకలేదంటారా? మినప్పప్పు, పెసలు, శనగలు, కందిపప్పు ఇంట్లో ఉంటాయిగా. నానబెట్టిన పెసలతో పెసరట్టు పోసుకోండి, ఉప్మా లేకుండా. శనగలు గుగ్గిళ్ళు చేసుకోండి. పెరట్లో మునగచెట్టు ఉన్నవాళ్ళకి ఆకు ఉండనే ఉంది. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే, కానీ ‘కొర్రలే కదా’ అని రెండు గిన్నెలు లాగిస్తే లాభం లేదు. రాగులు మంచివని పల్చగా జావ కాచుకుని గ్లాసులకి గ్లాసులు తాగితే షుగరు గబుక్కున పెరుగుతుంది. అదే రాగిపిండితో రొట్టె చేసుకుని కూరతో తింటే కాస్త నెమ్మది.

చిరుతిళ్ళ సంగతి అడగనే అక్కర్లేదు. పిల్లలు ఫోనులో చూసి ఒకరోజు డల్గోనా కాఫీ అంటారు, ఒకరోజు జిలేబీ అంటారు, సాయంత్రమైతే పకోడీ. చేసి పెట్టండి, వద్దనను.  కానీ రుచి చూడ్డానికని ఒకటి, పిల్లాడు వదిలేశాడని ఒకటి, పారెయ్యడానికి మనసొప్పక ఒకటి మన నోట్లోకే వెళ్తున్నాయి చూశారా? మనకి వేరే గిన్నె ఉండాలి. గుప్పెడు వేయించిన శనగలో, వేరుశనగపప్పులో, కీరా ముక్కలో, ఉప్పు తక్కువ వేసిన పల్చటి మజ్జిగో. ఆ గిన్నె ముందే నింపి పక్కన పెట్టుకుంటే పకోడీ పళ్ళెం మీదకి చెయ్యి అంత తొందరగా వెళ్ళదు.

అయ్యో, మామిడిపండు మాటేమిటి? మే నెలలో బంగినపల్లి వాసన చూసి ఊరుకోమనడానికి నాకూ నోరు రావడం లేదు. వంద గ్రాముల పండులో సుమారు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. షుగరు అదుపులో ఉన్నవాళ్ళు సాయంత్రం చిరుతిండికి బదులుగా ఒక సన్నటి చెక్క తినొచ్చు. పెరుగన్నంలో నంజుకోవడం మాత్రం మానుకోవాలి. అన్నం మీద పండు పడితే రెండు భారాలు ఒక్కసారే. రసాలు పిండుకుని గ్లాసులో పోసుకోవడం అసలే వద్దు. ముంజలు తినొచ్చు, లేతవి, మితంగా.

ఇక కషాయం. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తికని ఇంటింటా కాశారు. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, బాగానే ఉంది. అందులో వేసే బెల్లం మాత్రం మనకి చక్కెరతో సమానమే, తేనె కూడా అంతే. చ్యవనప్రాశ విషయంలో ఆయుష్ శాఖవాళ్ళే షుగరువాళ్ళు చక్కెర లేనిది తీసుకోవాలన్నారు. ఇంకో సంగతి. కరోనా రాకుండా అని హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఎవరో తెచ్చి ఇస్తే వేసుకోకండి. అది షుగరుని పడగొట్టగల మందు. మనం వాడే మాత్రలకి అదీ తోడైతే కథ మారిపోతుంది.

ల్యాబుకి వెళ్ళడం కుదరక పరీక్షలే మానేశారా? మానొద్దు. ల్యాబుకి వెళ్ళలేని రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే చాలు. మాత్రలవాళ్ళు వారంలో రెండు రోజులు, ఒకరోజు పరగడుపున, ఇంకోరోజు భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి చూసుకుంటే అప్పటికి సరిపోతుంది. ఇన్సులిన్ వాళ్ళు డాక్టరు చెప్పినట్టు ఇంకా తరచుగా. మనలో ఎక్కువమందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకి 180 లోపు ఉంటే బాగున్నట్టు. బాగా పెద్దవాళ్ళకి డాక్టర్లు కాస్త సడలింపు ఇస్తారు. వేలికి సూది గుచ్చేముందు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోండి. మామిడిపండు కోసిన చేత్తో చూసుకుంటే లేని షుగరు కనపడుతుంది, శానిటైజరు తడి ఆరకపోయినా అంకె తప్పుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉంచాలి. వచ్చిన అంకెని గోడ క్యాలెండరు మీద ఆ తేదీ పక్కనే రాసెయ్యండి. డాక్టరు ఫోనులో అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు. ఒక్క రోజు 210 వచ్చిందని ఏడుపు మొహం పెట్టకండి. ఒక్క అంకెతో ఏమీ తేలదు, వారం పదిరోజుల వరస చూడాలి. ఆ అంకె చూసి మీ అంతట మీరే మాత్ర పెంచడం, తగ్గించడం మాత్రం చెయ్యొద్దు.

నడక ఆగిపోయింది, అందుకే పెరిగింది అంటున్నారు కదా? పార్కుకి వెళ్ళలేకపోతే పోనీ, వరండా ఉందిగా? తిన్న ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగండి. కండరాలు కదిలితే రక్తంలో చక్కెరని అవి వాడుకుంటాయి. తిన్న వెంటనే నడిచే ఈ చిన్న నడక పొద్దున్నే ఒక్కసారి ముప్పావుగంట నడిచినదానికి ఏమీ తీసిపోదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. అమ్మకో చెల్లికో ఫోన్ చేసినప్పుడు కూర్చుని మాట్లాడకుండా తిరుగుతూ మాట్లాడండి, గంట నడక తెలియకుండా అయిపోతుంది!

మేడ మీదకి వెళ్తే పొద్దు వాలాకే వెళ్ళండి, చెప్పులు వేసుకుని. ఎండకి కాగిన గచ్చు మీద మన పాదాలకి స్పర్శ తగ్గి ఉంటే కాలిన సంగతే తెలియదు, తెల్లారి చూస్తే బొబ్బ. రాత్రి కాళ్ళు కడుక్కుని, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకుని, చిన్న అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి. పుండు, వాపు, రంగు మార్పు కనిపిస్తే తరవాత చూద్దాంలే అనకండి. ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

లాక్‌డౌన్‌లో కూడా మందుల షాపులు మొదటిరోజు నుంచీ తెరిచే ఉన్నాయి. అయినా ఆఖరి మాత్ర దాకా ఆగకుండా ఒక నెలకి సరిపడా ఇంట్లో పెట్టుకోండి. మీ కంపెనీది లేదని షాపతను ఇంకోటి ఇస్తే, లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు, పక్కనున్న ఎస్‌ఆర్, ఎమ్1, ఎమ్2 లాంటి అక్షరాలు పాత అట్టతో సరిపోయాయో లేదో చూసుకోండి. అనుమానం ఉంటే ఫొటో తీసి డాక్టరుకి పంపండి. 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి ఫోనులో, వీడియోలో చూసి మందుల చీటీ వాట్సాప్‌లో పంపడానికి డాక్టర్లకి ఏ అభ్యంతరమూ లేదు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు 14410కి మిస్డ్ కాల్ ఇస్తే డాక్టరే ఫోన్ చేసేవారు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఎండాకాలం భయం ఉంటుంది. తెరవని సీసాలు, పెన్నులు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజరులో పెట్టకూడదు, గడ్డకడితే ఇక పనికిరాదు. వాడుతున్న సీసా మామూలుగా నాలుగు వారాలు బయట ఉండొచ్చంటారు కానీ, ఆ మాట 30 డిగ్రీల లోపు గదికి. మన బెజవాడలోనో రామగుండంలోనో మే నెలలో అంత చల్లటి గది ఎక్కడుంది? అందుకని అదీ ఫ్రిజ్ తలుపు అరలోనే పెట్టి, పొడుచుకునే ముందు కాసేపు బయట ఉంచండి. ఫ్రిజ్ లేకపోతే ఓ మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, సీసాని కవరులో చుట్టి ఆ ముంతలో ఉంచి, నీడన పెట్టండి.

రంజాన్ ఉపవాసాలు చేసే మన చెల్లెళ్ళకీ ఒక మాట. మందు మోతాదు, వేళ డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి. తెల్లవారుజామున తినే సహర్ మానొద్దు. వేలికి గుచ్చి చూసుకుంటే రోజా చెడదు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజుకి ఉపవాసం విడిచిపెట్టాలి.

ఒంట్లో వెచ్చబడిందా? కంగారొద్దు, అశ్రద్ధా వద్దు. జ్వరమొస్తే సరిగా తినకపోయినా షుగరు పెరుగుతుంది. అందుకే ‘తినలేదుగా’ అని ఇన్సులిన్ మానెయ్యకూడదు. నాలుగైదు గంటలకోసారి షుగరు చూసుకోండి, నీళ్ళు బాగా తాగండి. వాంతులు, విరేచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొన్నాళ్ళు ఆపాలేమో డాక్టర్ని అప్పుడే అడగండి. బీపీ మాత్రలు వాట్సాప్ మాటలు నమ్మి ఆపకండి. షుగరు 300 దిగకపోయినా, దానికి తోడు వాంతులో కడుపునొప్పో ఆయాసమో మగతో ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. 

ఇన్ని చెప్పాను కానీ, మనసు కుదుట లేకపోతే ఇవేవీ సాగవు. దిగులు పడినప్పుడు, నిద్ర లేనప్పుడు ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లు కాలేయం చేత చక్కెరని రక్తంలోకి వదిలిస్తాయి. ఏమీ తినకుండానే పెరగడం వెనక ఒక్కోసారి ఈ దిగులూ ఉంటుంది. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు.  పదింటికి ఫోను పక్కన పడేసి పడుకోండి. గోంగూర వలవడం పిల్లలకి, గిన్నెలు తోమడం ఆయనకి అప్పజెప్పండి. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పనంతా మనమే ఎందుకు చెయ్యాలి?

ఊళ్ళో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నారా? మీరు డాలస్‌లో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నారు. ‘బాగున్నారా’ అంటే ‘బాగానే ఉన్నాం’ అంటారు, వాళ్ళ అలవాటే అంత. ‘ఇవాళ పరగడుపున ఎంతుంది? మాత్రలు ఎన్ని రోజులకున్నాయి? ఎన్నింటికి తిన్నారు?’ అని అడగండి. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది. మందులు అయిపోవచ్చాయంటే ఊళ్ళో ఏఎన్‌ఎమ్‌తోనో ఆశా కార్యకర్తతోనో మాట్లాడి పెట్టండి.

ఇవన్నీ రేపే చెయ్యమనడం లేదు. ఇవాళ రాత్రికి మూడు పనులు చాలు. మాత్రలు లెక్కపెట్టండి. అన్నానికి మీ గిన్నె ఏదో ఎంచుకోండి. రేపు పొద్దున్న ఎన్నింటికి తింటారో ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పండి. ఆ వేళకి ఎవరు పిలిచినా లేవకండి. మీరు వేళకి తినడమే ఈ రోజుల్లో ఇంటికి మీరు చేసే అన్నిటికన్నా పెద్ద మేలు.